కింది డివిజన్ క్లబ్ ఎందుకు మునుగుతుంది: ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌లలో వేతనాల లెక్క

క్లుప్తంగా: ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ గేమ్‌లలో (కంప్యూటర్ మీద క్లబ్ మేనేజర్‌గా ఆడేవి) ఐదో, ఆరో అంచె క్లబ్‌ను నడిపేవారు ఎక్కువగా ఓడిపోయేది వ్యూహం తెలియక కాదు, వారం వారం చెల్లించాల్సిన వేతనానికీ ఏడాదికి వచ్చే రాబడికీ మధ్య ఉన్న తేడాను ఆలస్యంగా గమనించడం వల్ల. ఏడాది కాంట్రాక్టులు, మసకగా కనిపించే స్కౌటింగ్ (ఆటగాళ్ల అన్వేషణ) సమాచారం, లోన్ మీద మరో క్లబ్ నుంచి తాత్కాలికంగా వచ్చే ఆటగాళ్లు, కప్ మ్యాచ్‌ల రాబడి, పై డివిజన్‌కు ఎక్కినప్పుడు పెరిగే ఖర్చు అన్నీ ఆ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి. నిజమైన ఇంగ్లిష్ క్లబ్‌ల చరిత్ర, బెంగళూరులోని కర్మాగారాల జట్ల అనుభవం ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి.

ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకు

ఫుట్‌బాల్ మేనేజర్ శ్రేణిలో 2023 నవంబరులో వచ్చిన 24వ సంచిక తర్వాత రెండేళ్ల విరామం ఏర్పడింది. 25వ సంచికను రద్దు చేస్తున్నట్టు తయారీ సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో యూనిటీ ఇంజిన్ మీద కొత్తగా కట్టిన 26వ సంచిక విడుదలైంది. తెరల అమరిక పూర్తిగా మారిపోవడంతో పాతవారు సైతం ఏ సమాచారం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్తగా చేరినవారిలో చాలామందిని ఇటువైపు లాగింది రెక్సమ్ కథ. 2021లో ఇద్దరు సినీ నటుల చేతికి వచ్చిన ఆ వేల్స్ క్లబ్ 2023, 2024, 2025లలో వరుసగా మూడు డివిజన్‌లు ఎక్కి, ఐదో అంచె నుంచి రెండో అంచెకు చేరింది.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో ఉంటూ రాత్రిపూట ల్యాప్‌టాప్ మీద ఈ గేమ్ ఆడే తెలుగు యువకులకు ఎదురయ్యే చిక్కు దాదాపు ఒకటే. పెద్ద క్లబ్‌తో మొదటి ఏడాదే కప్పు గెలిచినవారు నేషనల్ లీగ్ నార్త్ లాంటి ఆరో అంచె క్లబ్‌ను తీసుకున్నప్పుడు డిసెంబరు నాటికి నిధులు ఖాళీ అవుతాయి, మే నాటికి జట్టులో సగం మంది వెళ్లిపోతారు, ఆగస్టులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇది గేమ్‌లోని లోపమనో, కావాలని పెంచిన కఠినత్వమనో భావించేవారున్నారు. కింది అంచె ఫుట్‌బాల్ నిజంగా నడిచే తీరును గమనిస్తే అది లోపం కాదని తెలుస్తుంది.

నాలుగో డివిజన్‌లో పుట్టిన గేమ్

ఈ తరహా గేమ్‌లకు మూలం చిన్న క్లబ్బే. కెవిన్ టామ్స్ 1982లో రూపొందించిన తొలి ఫుట్‌బాల్ మేనేజర్‌లో ఆడేవారు నాలుగో డివిజన్ నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కాలి. 1992లో పాల్, ఆలివర్ కాలియర్ సోదరుల ఛాంపియన్‌షిప్ మేనేజర్ వచ్చింది. ప్రచురణ సంస్థతో విడిపోయాక ఆ బృందమే 2004 నవంబరు నుంచి సెగా ద్వారా ఫుట్‌బాల్ మేనేజర్ పేరుతో కొనసాగుతోంది. నేటి గేమ్‌లో ఇంగ్లండ్ ఆరో అంచె వరకూ అదనంగా ఏమీ జోడించకుండానే ఆడవచ్చు. అభిమానులు తయారుచేసిన డేటాబేస్‌లను కలుపుకుంటే ఇంకా కిందికి వెళ్లవచ్చు.

కింది లీగ్‌లనే ప్రత్యేకంగా ఎంచుకునేవారు తమకు తామే కొన్ని కట్టుబాట్లు విధించుకోవడం పాత సంప్రదాయం. మంచి ఆటగాళ్ల జాబితాలను బయట నుంచి తెచ్చుకోకూడదు. క్లబ్ స్కౌట్ చూడని ఆటగాడిని కొనకూడదు. ఓడిన మ్యాచ్‌ను పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడకూడదు. మేనేజర్ గతానుభవం అడిగిన చోట ఆదివారాల్లో సరదాగా ఆడే స్థాయినే ఎంచుకుని, కోచింగ్ అర్హతలేవీ లేకుండా, వీలైతే నిరుద్యోగిగా మొదలుపెట్టాలి. ఇవి కఠినత్వం కోసం పెట్టుకున్నట్టు కనిపించినా, సమాచారమూ డబ్బూ రెండూ తక్కువగా ఉన్నప్పుడు నిర్ణయాలు ఎలా తీసుకోవాలన్న అసలు సమస్యను ఇవి చెడకుండా కాపాడతాయి. బయటి జాబితా చేతిలో ఉంటే చిన్న క్లబ్‌కూ పెద్ద క్లబ్‌కూ తేడా మిగలదు.

గేటు రాబడి, వారపు వేతనం

చిన్న క్లబ్‌కు డబ్బు వచ్చే దారులు కొన్నే ఉంటాయి: మ్యాచ్ రోజు టికెట్లు, ఏడాది మొదట్లో అమ్మే సీజన్ టికెట్లు, స్థానిక స్పాన్సర్లు, కప్ మ్యాచ్‌లు, ఎప్పుడో ఒకసారి ఆటగాడిని అమ్మితే వచ్చే మొత్తం. ప్రీమియర్ లీగ్‌లో రాబడికి వెన్నెముక అయిన టీవీ సొమ్ము ఇక్కడ లెక్కలోకి రానంత చిన్నది.

ఒక ఊహాజనిత లెక్కతో ఇది స్పష్టమవుతుంది. ఇరవై నాలుగు జట్ల డివిజన్‌లో ప్రతి జట్టూ 46 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో 23 సొంత మైదానంలో. సగటున 1,200 మంది వచ్చి ఒక్కొక్కరు 15 పౌండ్లు చెల్లిస్తే మ్యాచ్‌కు 18,000, ఏడాదికి 4,14,000 పౌండ్లు వస్తాయి. అదే క్లబ్ వారానికి 9,000 పౌండ్ల వేతనాలు ఏడాది పొడవునా చెల్లిస్తే ఖర్చు 4,68,000 పౌండ్లు. మైదానం నిర్వహణ, ప్రయాణాలు, వైద్యం, సిబ్బంది ఇంకా లెక్కలోకి రాకముందే 54,000 పౌండ్ల లోటు కనిపిస్తోంది.

ఇప్పుడు మేనేజర్ ఒక మంచి స్ట్రైకర్‌నూ ఒక సెంటర్ బ్యాక్‌నూ వారానికి చెరో 600 పౌండ్లకు తీసుకున్నారనుకుందాం. తెర మీద అది చిన్న అంకె. బదిలీ రుసుము కూడా లేదు, ఇద్దరూ ఉచితంగా వచ్చినవారే. కానీ ఏడాదికి 62,400 పౌండ్లు అదనంగా పడతాయి, లోటు రెట్టింపును దాటి 1,16,400 అవుతుంది. ఆ ఇద్దరి వేతనం టికెట్ల నుంచే రావాలంటే ప్రతి సొంత మ్యాచ్‌కూ మరో 181 మంది రావాలి, అంటే ప్రేక్షకులు పదిహేను శాతం పెరగాలి. రెండు విజయాలు సాధించినంత మాత్రాన అంతమంది కొత్తగా వచ్చే పట్టణాలు అరుదు. బదిలీ బడ్జెట్‌లో సున్నా చూసి నిరాశపడేవారు నిజానికి పట్టించుకోవాల్సిన అంకె దాని పక్కనే ఉన్న వేతన బడ్జెట్. అప్పు చేసి పప్పు కూడు అన్న సామెత ఈ స్థాయిలో అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే ఉచితంగా వచ్చిన ఆటగాడే క్లబ్‌కు అన్నిటికన్నా ఖరీదైన కొనుగోలు కావచ్చు.

ఇందులో కాలం పాత్ర కూడా ఉంది. సీజన్ టికెట్ల సొమ్ము వేసవిలో ఒక్కసారిగా చేతికి వస్తుంది. ఆగస్టులో నిల్వ చూసి ధైర్యంగా కాంట్రాక్టులు ఇచ్చిన క్లబ్, జనవరిలో వర్షానికీ మంచుకూ సొంత మ్యాచ్‌లు రెండు వాయిదా పడగానే తడబడుతుంది. మే నుంచి జులై వరకూ లీగ్ మ్యాచ్‌లు ఉండవు, కానీ పూర్తికాల ఆటగాళ్ల వేతనం ఆగదు. అందుకే నిజ జీవితంలో చాలా చిన్న క్లబ్‌లు ఆట సాగే వారాలకే జీతం ఇచ్చే ఒప్పందాలు చేసుకుంటాయి. గేమ్‌లో ఈ ఒత్తిడిని తగ్గించే సాధనం మ్యాచ్ ఆడితేనే చెల్లించే రుసుము. స్థిర వేతనాన్ని తగ్గించి ఆడిన మ్యాచ్‌కు ఎక్కువ ఇస్తామంటే, గాయపడినప్పుడూ ఫామ్ తప్పినప్పుడూ ఆ భారం చాలావరకు క్లబ్ మీద పడదు. కాంట్రాక్ట్ చర్చల తెరను గబగబా దాటేసేవారు పోగొట్టుకునేది ఈ వెసులుబాటునే.

జూన్ 30

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో కాంట్రాక్టులు సాధారణంగా జూన్ 30తో ముగుస్తాయి. పెద్ద క్లబ్‌లో ఆ తేదీ ఒకరిద్దరికి సంబంధించిన విషయం. ఆరో అంచెలో అది జట్టు మొత్తానికీ వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ ఒప్పందాలు ఎక్కువగా ఏడాదికే ఉంటాయి, కొందరికి రాతపూర్వక ఒప్పందమే ఉండదు. గేమ్‌లో నాన్-కాంట్రాక్ట్‌గా కనిపించే ఈ ఆటగాళ్లను మరో క్లబ్ పైసా చెల్లించకుండా తీసుకుపోవచ్చు. నవంబరులో పది గోల్స్ కొట్టిన కుర్రవాడు డిసెంబరులో పక్క పట్టణం జట్టులో కనిపించడానికి కారణం ఇదే.

అందువల్ల ఒకే ప్రశ్న పదే పదే ఎదురవుతుంది. ఎవరికి రెండేళ్ల ఒప్పందం ఇవ్వాలి, ఎవరిని ఏడాదితో సరిపెట్టాలి? రెండేళ్లు ఇస్తే ఆటగాడు విలువైన ఆస్తి అవుతాడు, అతన్ని కోరే క్లబ్ డబ్బు చెల్లించాల్సి వస్తుంది. కానీ అతను గాయపడినా, జట్టు కింది డివిజన్‌కు జారినా, ఆ వేతనం రెండో ఏడాదీ మెడకు చుట్టుకుంటుంది. అమ్మగలిగే అవకాశమున్న ఇరవై రెండేళ్ల లోపు వారికి, అలాగే ప్రత్యామ్నాయం దొరకని గోల్‌కీపర్‌కు మాత్రమే దీర్ఘకాల ఒప్పందం ఇచ్చి, ముప్పై దాటిన అనుభవజ్ఞులను ఏడాది చొప్పున ఉంచుకోవడం హేతుబద్ధమైన పద్ధతి. మార్చి నుంచే పునరుద్ధరణ చర్చలు మొదలుపెట్టాలి. సీజన్ ముగిశాక మొదలుపెడితే మిగిలేది ఎవరూ అడగనివారే.

మసక అద్దంలో ఆటగాడు

గేమ్‌లో ప్రతి నైపుణ్యానికీ 1 నుంచి 20 వరకూ అంకె ఉంటుంది. వాటి వెనుక ప్రస్తుత సామర్థ్యాన్నీ గరిష్ఠ సామర్థ్యాన్నీ 200 వరకూ కొలిచే రహస్య విలువలుంటాయి. నిలకడ, గాయాలపాలయ్యే స్వభావం లాంటివి తెర మీద అంకెలుగా ఎప్పుడూ కనిపించవు. పెద్ద క్లబ్‌కు డజన్ల కొద్దీ స్కౌట్‌లు ఉంటారు గనుక ఈ మసక త్వరగా తొలగిపోతుంది. చిన్న క్లబ్‌కు ఒక్క స్కౌట్ ఉంటే గొప్ప. అక్కడ ఆటగాడి వేగం 8 నుంచి 14 మధ్య అన్నంత విశాలమైన అంచనాగా మాత్రమే కనిపించవచ్చు. 8 అయితే బెంచీకి కూడా పనికిరాడు, 14 అయితే ఆ డివిజన్‌లోనే మెరుపు.

ఈ స్థితిలో అసిస్టెంట్ మేనేజర్‌కు ఆటగాళ్ల సామర్థ్యాన్ని అంచనా వేసే నేర్పు ఎంత ఉందన్నది కీలకమవుతుంది, ఎందుకంటే జట్టు నివేదికల నాణ్యత అతని మీదే ఆధారపడుతుంది. కాబట్టి తొలి నెలలో ఖర్చు పెట్టదగిన చోటు కొత్త స్ట్రైకర్ కన్నా మంచి అసిస్టెంటే అనడం అతిశయోక్తి కాదు. రెండో మార్గం ట్రయల్. కాంట్రాక్ట్ లేని ఆటగాళ్లను కొన్ని వారాలు పిలిపించి, స్నేహపూర్వక మ్యాచ్‌లలో ఆడించి, నివేదిక స్పష్టపడ్డాక నిర్ణయం తీసుకోవచ్చు. వేసవిలో పదిహేను మందిని ట్రయల్‌కు పిలిచి ఇద్దరిని ఉంచుకోవడం కింది లీగ్‌లలో మామూలు విషయం.

కింది అంచెల డేటా గురించి ఒక హెచ్చరిక అవసరం. తయారీ సంస్థకు ప్రపంచవ్యాప్తంగా పరిశోధకుల పెద్ద యంత్రాంగం ఉంది. ఎవర్టన్ క్లబ్ 2008లో ఆ డేటాబేస్‌ను ఆటగాళ్ల అన్వేషణకు వాడుకునేందుకు ఒప్పందం చేసుకున్నదంటే దాని విశ్వసనీయత తెలుస్తుంది. అయినా ఆరో అంచె ఆటగాడిని చూసినవారు కొద్దిమందే కాబట్టి అక్కడి అంకెల్లో ఊహ పాలు సహజంగానే ఎక్కువ. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్‌కు ఆడిన జేమీ వార్డీ తర్వాత ఫ్లీట్‌వుడ్ నుంచి 2012లో లెస్టర్‌కు వెళ్లి 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. అలాంటి ఎదుగుదలను ఏ డేటాబేస్ అయినా ముందుగా పసిగట్టడం కష్టం.

లోన్: కౌలు పొలానికి వేసిన ఎరువు

పై క్లబ్‌ల కుర్రవాళ్లను లోన్ మీద తెచ్చుకోవడం చిన్న క్లబ్‌కు అందే చౌక బలం. చాలాసార్లు వేతనంలో పెద్ద భాగాన్ని అసలు క్లబ్బే భరిస్తుంది. ఇది కౌలు వ్యవసాయాన్ని పోలి ఉంటుంది. ఆ ఏడాది పంట కౌలుదారుడిదే, కానీ నేలకు వేసిన ఎరువు ఫలం చివరికి భూయజమానికే చెందుతుంది. లోన్ మీద వచ్చిన పంతొమ్మిదేళ్ల మిడ్‌ఫీల్డర్‌కు నలభై మ్యాచ్‌లు ఆడించి తీర్చిదిద్దితే, మే నెలలో అతను పెరిగిన విలువతో వెనక్కి వెళ్తాడు. ఇక్కడ మిగిలేది ఖాళీ స్థానం.

దీన్ని నిజ నిబంధనలు కూడా కొంత అదుపు చేస్తాయి. రెండో అంచె నుంచి నాలుగో అంచె వరకూ నడిపే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ పరిధిలో మ్యాచ్ రోజు జట్టులో లోన్ ఆటగాళ్లు ఐదుగురికి మించకూడదు. గేమ్‌లో సైతం ఆడిస్తామన్న సమయం మేరకు ఆడించకపోతే అసలు క్లబ్ ఆటగాడిని వెనక్కి పిలవవచ్చు, మరోసారి ఇవ్వడానికి వెనుకాడవచ్చు. మొత్తం వెన్నెముకను, అంటే గోల్‌కీపర్ నుంచి స్ట్రైకర్ వరకూ నడిమి వరుసను, లోన్‌ల మీదే నిర్మించిన జట్టు ఒక ఏడాది బాగా ఆడి మరుసటి ఏడాది కూలిపోవడం తరచుగా కనిపించే క్రమం. రెక్కల మీద ఆడేవారిని, బెంచీ బలాన్ని లోన్ ద్వారా నింపి, మధ్య వరుసను సొంతవారితో ఉంచుకున్న జట్టుకు జులైలో పని తక్కువ.

పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన

ఆరో అంచెలో చాలా క్లబ్‌లు పార్ట్‌టైమ్. గేమ్‌లో దీని ప్రభావం సాధన పట్టికలో కనిపిస్తుంది. వారంలో రెండు మూడు సాయంత్రాలు మాత్రమే శిక్షణ ఉంటుంది. ఫలితంగా కొత్త వ్యూహం జట్టుకు ఒంటపట్టడానికి పూర్తికాల క్లబ్‌లో కన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది, కుర్రవాళ్ల ఎదుగుదల నెమ్మదిస్తుంది. వారానికో వ్యూహం మార్చే మేనేజర్ ఇక్కడ ఏ వ్యూహాన్నీ జట్టుకు నేర్పలేరు.

ఈ పద్ధతి తెలుగు పాఠకులకు పరాయిది కాదు. బెంగళూరులో హెచ్‌ఏఎల్ (విమానాల తయారీ), ఐటీఐ (టెలిఫోన్ల తయారీ) వంటి ప్రభుత్వరంగ సంస్థల జట్లు దశాబ్దాల పాటు ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి ఆడించాయి. హెచ్‌ఏఎల్ జట్టు 2010లో, అప్పట్లో దేశ అగ్రశ్రేణి లీగ్ అయిన ఐ-లీగ్ వరకూ వెళ్లింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుంచి 1954 వరకూ వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా ఉద్యోగుల జట్టే. ఇంగ్లండ్ పార్ట్‌టైమ్ క్లబ్‌కూ దీనికీ పోలిక సాధన వేళల్లో ఉంటే, తేడా జీతం ఎవరిస్తారన్న దానిలో ఉంది. అక్కడ ఆటగాడు పగలు ఎవరి దగ్గరో పనిచేసి సాయంత్రం క్లబ్ దగ్గర చిన్న మొత్తం తీసుకుంటాడు, కాబట్టి గేటు రాబడి పడిపోతే ఆ మొత్తానికే ముప్పు. ఇక్కడ ఉద్యోగమే ఆటకు జీతం, కాబట్టి ప్రేక్షకులు రాకపోయినా ఆటగాడి ఇల్లు గడిచేది. అయితే సంస్థ నియామకాలు తగ్గించినప్పుడు జట్టుకు వేరే ఆధారమే ఉండేది కాదు. రెండు నమూనాలూ జట్టు భారాన్ని క్లబ్ భుజాల మీద నుంచి కొంత దించేవే. పూర్తికాల వృత్తి ఫుట్‌బాల్‌లోకి అడుగుపెట్టగానే ఆ ఊతం పోతుంది.

మైదానంలో

వ్యూహం గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. ఈ స్థాయి డిఫెండర్లకు బంతి మీద అదుపు, ఒత్తిడిలో నిబ్బరం తక్కువ కాబట్టి వెనుక నుంచి చిన్న పాస్‌లతో ఆట అల్లే పద్ధతి సొంత గోల్ ముందే బంతిని పోగొడుతుంది. వేగం, శారీరక దారుఢ్యం, శ్రమించే గుణం ఇక్కడ అసాధారణమైన తేడా తెస్తాయి. కార్నర్లు, ఫ్రీకిక్‌లు, పొడవాటి త్రోలకు సరైన మనుషులను కేటాయించడం వల్ల వచ్చే గోల్స్‌కు అదనపు వేతనం అక్కర్లేదు, అందుకే వాటి మీద గంటసేపు కూర్చోవడం వృథా కాదు.

కప్ మ్యాచ్ అనే వర్షం

ఎక్సెటర్ సిటీ ఉదాహరణ ఈ మొత్తం విషయానికి అద్దం పడుతుంది. 2003లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ నుంచి ఐదో అంచెకు జారిన ఆ క్లబ్‌ను అప్పుల మధ్య అభిమానుల ట్రస్టు చేపట్టింది. 2005 జనవరిలో, పెద్దా చిన్నా క్లబ్‌లు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అరవై వేలకు పైగా ప్రేక్షకుల ఎదుట 0–0తో నిలబడింది. ఆ రాబడిలో వాటా, తర్వాత సొంత ఊళ్లో జరిగిన రీప్లే (సమంగా ముగిస్తే మళ్లీ ఆడే మ్యాచ్), దాని ప్రసార హక్కులు కలిసి క్లబ్ అప్పుల భారాన్ని దించడానికి తోడ్పడ్డాయి. 2008లో ఎక్సెటర్ తిరిగి లీగ్‌లోకి వచ్చింది.

లింకన్ సిటీ 2017లో ఐదో అంచెలో ఉంటూనే బర్న్‌లీని ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది, అదే సీజన్‌లో లీగ్‌కూ ఎక్కింది. ఎనిమిదో అంచె క్లబ్ మెరీన్ 2021 జనవరిలో టాటెన్‌హామ్‌తో ఆడినప్పుడు కరోనా ఆంక్షల వల్ల ప్రేక్షకులెవరూ లేరు. కానీ పది పౌండ్ల చొప్పున ముప్పై వేలకు పైగా వర్చువల్ (మైదానంలోకి ప్రవేశం లేని) టికెట్లు అమ్ముడయ్యాయి. ఆ మైదానంలో పట్టే జనానికి ఇది ఎన్నో రెట్లు.

అయితే కప్ సొమ్ము వానలాంటిది, దాని మీద పంట వేయలేం. ఎవరితో ఎక్కడ ఆడాలో చీటీలు తీసే డ్రా నిర్ణయిస్తుంది. పైగా 2024–25 సీజన్ నుంచి ఎఫ్‌ఏ కప్ ప్రధాన దశలో రీప్లేలు లేవు, అంటే ఎక్సెటర్‌ను ఆదుకున్న రెండో మ్యాచ్ ఇక రాదు. గేమ్‌లో కూడా ఈ రాబడిని బడ్జెట్‌లో ముందుగా కలుపుకోవడం ప్రమాదం. వచ్చినప్పుడు దాన్ని వేతనాల్లో పోయకుండా, సాధన సౌకర్యాలకూ యువజట్టు కోచ్‌కూ మళ్లించమని బోర్డును కోరడం మేలు. వేతనంగా మారిన సొమ్ము ఏడాదిలో ఆవిరవుతుంది. మైదానంగా మారిన సొమ్ము పదేళ్లు నిలుస్తుంది.

ఎక్కడమే ప్రమాదం

పై డివిజన్‌కు ఎక్కితే సమస్యలు తీరతాయన్న భావన సహజం. గేమ్‌లో అత్యధిక పతనాలు మొదలయ్యేది అక్కడే. కాంట్రాక్టుల్లో దాగి ఉన్న ప్రమోషన్ నిబంధనల వల్ల వేతనాలు ఒక్కసారిగా పెరుగుతాయి. ప్రత్యర్థులు పూర్తికాల జట్లు కాబట్టి బోర్డు కూడా పూర్తికాల హోదాకు మారాలని భావించవచ్చు. అలా మారినప్పుడు, పగటి ఉద్యోగం వదులుకోవాల్సిన ఆటగాళ్లు రెట్టింపు అడుగుతారు. రాబడి మాత్రం మెల్లగా పెరుగుతుంది.

నిజ జీవితంలో దీనికి మరో పొర ఉంది. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లో కృత్రిమ పచ్చికకు అనుమతి లేదు. 2021లో నాలుగో అంచె అయిన లీగ్ టూకు ఎక్కిన సటన్ యునైటెడ్, అంతకు ముందు ఏడాది ఎక్కిన హారోగేట్ టౌన్ తమ కృత్రిమ మైదానాలను పెకలించాల్సి వచ్చింది. అలాంటి మైదానాన్ని వారమంతా బడులకూ స్థానిక జట్లకూ అద్దెకివ్వవచ్చు, సహజ పచ్చికకు ఆ వీలు లేదు. గెలిచినందుకు ఒక ఆదాయ మార్గాన్నే మూసుకోవాల్సిన ఈ పరిస్థితి చిన్న క్లబ్ ఆర్థికానికి గట్టి పరీక్ష. సటన్ 2024లో మళ్లీ కిందికి జారింది.

అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ బరీ. 1885లో పుట్టి రెండుసార్లు ఎఫ్‌ఏ కప్ గెలిచిన ఆ క్లబ్ 2018–19లో లీగ్ టూలో రెండో స్థానంతో పై డివిజన్‌కు అర్హత సాధించింది. వేతనాలు చెల్లించలేని స్థితిలో, కొత్త డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే, 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి బహిష్కృతమైంది. మైదానంలో గెలుస్తూనే ఒక క్లబ్ మునిగిపోగలదన్న వాస్తవానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు లేదు. గేమ్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన క్లబ్‌కు పాయింట్ల కోత పడుతుంది, ఆటగాళ్లను అయినకాడికి అమ్మేస్తారు. ఒక పట్టణం తన క్లబ్‌ను కోల్పోవడం అంటే ఏమిటో మాత్రం తెర చూపలేదు.

అమ్మినవాడిలో మిగుల్చుకున్న వాటా

చిన్న క్లబ్‌ను దీర్ఘకాలంలో నిలబెట్టేది సొంతంగా పెంచిన కుర్రవాళ్లు. గేమ్‌లో ఏడాదికొకసారి, ఇంగ్లండ్‌లో సాధారణంగా వసంతంలో, యువ ఆటగాళ్ల కొత్త బృందం వస్తుంది. వారి నాణ్యత సౌకర్యాల మీదా, నియామక పరిధి మీదా, యువజన విభాగం అధిపతి మీదా ఆధారపడుతుంది. ఈ రోజు పెట్టిన ఖర్చుకు ఫలం కనిపించడానికి నాలుగైదు సీజన్‌లు పడుతుంది గనుక తొందరగా క్లబ్‌లు మారే మేనేజర్‌కు ఇది లాభించదు.

ఇక్కడ మళ్లీ ఎక్సెటర్ దగ్గరికే రావాలి. తన అకాడమీలో పెరిగిన ఓలీ వాట్కిన్స్‌ను ఆ క్లబ్ 2017లో బ్రెంట్‌ఫర్డ్‌కు అమ్మింది, తదుపరి అమ్మకంలో వాటా ఉండేలా నిబంధన పెట్టుకుంది. 2020లో ఆస్టన్ విల్లా భారీ మొత్తానికి వాట్కిన్స్‌ను కొన్నప్పుడు, కరోనా వల్ల గేట్లు మూతపడి ఉన్న కాలంలో, ఆ వాటా ఎక్సెటర్‌కు చేరింది. పొలం అమ్మినా అందులోని మామిడిచెట్ల కాపులో వంతు రాయించుకోవడం లాంటి ఏర్పాటు ఇది. గేమ్‌లో బేరం కుదిరేటప్పుడు ఇప్పుడిచ్చే నగదును కొంత తగ్గించుకుని ఈ శాతాన్ని పెంచుకోవచ్చు. ఆ నెల వేతనాలకు సరిపడా నిల్వ ఉన్న క్లబ్‌కే ఆ స్వేచ్ఛ ఉంటుంది. వారం వారం లోటుతో ఉన్న క్లబ్ చేతికందిన నగదు తీసుకుని భవిష్యత్తును వదిలేస్తుంది.

నిచ్చెన లేని చోట

బెంగళూరు నుంచి ఆడేవారు తమ నగరపు క్లబ్‌తో ఇదే పని చేయాలనుకోవడం సహజం. గేమ్‌లో భారత లీగ్‌లు ఉన్నాయి, కానీ వాటి నిర్మాణం వేరు. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌కు ఐ-లీగ్ విజేత ఎక్కే దారి 2022–23 సీజన్‌తోనే తెరుచుకుంది, ఆ విధంగా తొలుత పంజాబ్, తర్వాత మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. సూపర్ లీగ్ నుంచి కిందికి జారడం మాత్రం ఆ సీజన్‌లలో లేదు. జారే భయం లేనిచోట, పైకి ఎక్కే దారి ఇరుకైనచోట, పైన వివరించిన ఒత్తిడి పుట్టదు. బెంగళూరు జిల్లా ఫుట్‌బాల్ సంఘం నడిపే సూపర్ డివిజన్‌లో, దాని కింది డివిజన్‌లలో ఏటా ఎక్కడమూ జారడమూ జరుగుతున్నా, అశోక్‌నగర్ స్టేడియంలో ఆడే ఆ జట్లలో ఎక్కువ భాగానికి గేమ్‌లో చోటు లేదు.

అయినా వేతనాల లెక్క ఇక్కడికీ వర్తిస్తుందని 2025 చూపించింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో పదిహేనేళ్లకు కుదుర్చుకున్న వాణిజ్య హక్కుల ఒప్పందం ముగింపు దగ్గరపడి, పునరుద్ధరణ తేలకపోవడంతో ఆ జులైలో సూపర్ లీగ్ నిలిచిపోయింది. 2013లో పుట్టి తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచిన బెంగళూరు ఎఫ్‌సీ ఆగస్టు తొలి వారంలో ప్రధాన జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు నిరవధికంగా నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. మ్యాచ్‌లు లేవు కాబట్టి గేటు లేదు, ప్రసారం లేదు, స్పాన్సర్ లేడు. వేతనాలు మాత్రం నెలనెలా పడుతూనే ఉంటాయి. అదే ప్రకటనలో క్లబ్ తన యువజట్లనూ ఫుట్‌బాల్ పాఠశాలలనూ కొనసాగిస్తామని చెప్పింది.